ఆ బొమ్మల్లోని ఆడవాళ్ళను ఎవరైనా అడిగారా?

అందరికీ నమస్కారం. శనివారం పూట పిల్లల క్లాసులూ ఇంటి పనులూ పక్కన పెట్టి వచ్చారు, చాలా సంతోషం. మాట మొదలుపెట్టే ముందు మూడు చిన్న కార్డులు మీ మధ్యకు పంపిస్తున్నాను. ప్లాస్టిక్ కవర్లలో ఉన్నాయి. కవర్లోంచి మాత్రం తీయకండి, ఒక్కొక్కటి నూట ముప్ఫై ఏళ్ళు దాటినవి. తీరిగ్గా చూసి పక్కవాళ్ళకు ఇవ్వండి. నేను మాట్లాడుతుంటే అవి అలా తిరుగుతూ ఉంటాయి.

మొదటిది రంగుల్లో అచ్చువేసిన బొమ్మ. రెండోది ఒక నటి ఫొటో, కింద ఆమె పేరుంది. మూడోది కూడా ఫొటోయే, పేరు లేదు. మూడూ సిగరెట్టు పెట్టెల్లో పెట్టి ఇచ్చినవే.

ఈ విషయం మీద నాకెందుకు ఇంత పట్టుదల అంటే, నేను పొగాకు ఇంట్లో పుట్టినదాన్ని. మా నాన్న ప్రకాశం జిల్లాలో వర్జీనియా పొగాకు వేసేవాడు. కోసిన ఆకు కర్రలకు కట్టడం, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో రాత్రంతా మంట చూసుకోవడం, ఆ వాసన బట్టలకు పట్టి వారం దాకా పోకపోవడం, ఇవన్నీ నా చిన్నతనం. ‘వర్జీనియా’ అంటే ఒక రకం ఆకు అనుకునేదాన్ని, అది ఒక రాష్ట్రం పేరని చాలా ఏళ్ళు తెలియదు. పెళ్ళయ్యాక ఇక్కడికి, నార్త్ కరోలినాకు వచ్చాను. డర్హమ్ ఊరి మధ్యలో ఇప్పుడు ఆఫీసులు, రెస్టారెంట్లు ఉన్న ఆ ఎర్ర ఇటుక భవనాలన్నీ ఒకప్పటి అమెరికన్ టొబాకో ఫ్యాక్టరీ అని మీకు తెలుసు. అక్కడి డ్యూక్ కంపెనీకీ మా ఊరి బ్యారన్‌కూ సంబంధం ఉంది. ఆ కంపెనీ అధిపతి జేమ్స్ బ్యూకానన్ డ్యూక్ 1902లో ఇంగ్లండ్ వాళ్ళతో కలిసి బ్రిటిష్ అమెరికన్ టొబాకో కంపెనీ పెట్టాడు. వాళ్ళే 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ పెట్టారు. దాని తరఫున ఆకు కొనడానికి వచ్చినదే చీరాలలోని పొగాకు కంపెనీ ఐఎల్‌టీడీ. గుంటూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్ళకు ఆ నాలుగక్షరాలు విడమరిచి చెప్పక్కర్లేదు.

డ్యూక్ యూనివర్సిటీలోని రూబెన్‌స్టీన్ లైబ్రరీలో ఆ పాత కంపెనీ ప్రకటనల సామగ్రి దాచిపెట్టారు. ఒకసారి మా అమ్మాయితో కలిసి చూడటానికి వెళ్ళాను. పొగాకు సంగతులు చూద్దామని వెళితే ఫోల్డరు నిండా ఆడవాళ్ళ ముఖాలు. గొడుగులు పట్టుకున్నవాళ్ళు, విసనకర్రలు పట్టుకున్నవాళ్ళు, టోపీలు పెట్టుకున్నవాళ్ళు. ‘వీళ్ళందరూ ఎవరమ్మా?’ అని మా అమ్మాయి అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు నుంచి ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ముందు అసలు ఈ కార్డు ఎందుకు పుట్టిందో చెప్తాను. అప్పటి సిగరెట్టు పెట్టె పల్చటి కాగితంతో చేసింది. జేబులో పెట్టుకుంటే నలిగిపోయేది, లోపలి సిగరెట్లు విరిగిపోయేవి. అందుకని పెట్టెలో ఒక గట్టి అట్టముక్క పెట్టేవాళ్ళు. మామూలుగా రెండుంముప్పావు అంగుళాల పొడవు, ఒకటిన్నర అంగుళాల వెడల్పు. ఎలాగూ అట్ట పెడుతున్నాం కదా, దాని మీద బొమ్మ ఎందుకు వేయకూడదు అనుకున్నారు. ఎవరో ఒక్కరికే తట్టిన ఆలోచన కాదిది. న్యూయార్కులో థామస్ హాల్ అనే వ్యాపారి 1880 ప్రాంతంలోనే నటుల, నాయకుల బొమ్మలు వేశాడు. దాన్ని అందరికంటే అందంగా చేసింది మాత్రం వర్జీనియాలోని రిచ్‌మండ్ కంపెనీ, అలెన్ అండ్ గింటర్. మీ చేతుల్లో తిరుగుతున్న మొదటి కార్డు అలాంటిదే. నా దగ్గర భూతద్దం ఉంది, దానితో చూస్తే ఆ అమ్మాయి బుగ్గ మొత్తం చిన్న చిన్న చుక్కలు. ఒక్కో రంగుకూ ఒక్కో రాయి. రాతి మీద చేత్తో చుక్కలు పెట్టి, ఒక రంగు మీద ఇంకో రంగు తప్పిపోకుండా అచ్చువేసేవాళ్ళు. సిగరెట్టు కాలి బూడిదయ్యేలోపు చూసి పారేసే అట్టకు అంత పనితనం పెట్టారు. ఆ పనివాళ్ళ మీద నాకు చాలా గౌరవం.

రెండోది, మూడోది ఫొటోలు. గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద తీసి అట్టకు అంటించినవి. అందుకే ఆ పసుపు కలిసిన గోధుమ రంగు.

ఇంత ఖర్చు ఎందుకు పెట్టారంటే, దాని వెనక ఒక యంత్రం ఉంది. అప్పటిదాకా సిగరెట్లు చేత్తో చుట్టేవాళ్ళు. చేయి తిరిగినవాళ్ళు రోజంతా కూర్చున్నా రెండు మూడు వేలే. వర్జీనియా కుర్రాడు జేమ్స్ బాన్సాక్ 1881లో ఒక యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అది సవ్యంగా నడిస్తే పది గంటల్లో దాదాపు లక్షా ఇరవై వేల సిగరెట్లు చేసేది. యంత్రం కోసం పెద్ద బహుమతి ప్రకటించిన అలెన్ అండ్ గింటర్ వాళ్ళే చివరికి దాన్ని వద్దనుకున్నారు. డర్హమ్‌లో డ్యూక్ తీసుకున్నాడు. 1884 ఏప్రిల్ 30న ఆ యంత్రం డర్హమ్ ఫ్యాక్టరీలో రోజంతా ఆగకుండా నడిచింది. అంతకు ముందు ఏడాదే ప్రభుత్వం వెయ్యి సిగరెట్ల మీద పన్నును డాలరు డెబ్భై అయిదు సెంట్ల నుంచి యాభై సెంట్లకు తగ్గించింది. పది సెంట్ల పెట్టెను డ్యూక్ అయిదు సెంట్లకు దించాడు.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, సరుకు కొండలా పెరిగింది, తాగేవాళ్ళు లేరు. అప్పట్లో మగవాళ్ళు ఎక్కువగా నమలడం, పైపు, చుట్ట. సిగరెట్టు అంటే చిన్నచూపు. అలవాటు లేనివాళ్ళకు అలవాటు చేయాలి. అందుకు వాళ్ళు ఎంచుకున్న దారి ఆడమనిషి బొమ్మ. డ్యూక్ 1889లో ఒక్క ప్రకటనల మీదే దాదాపు ఎనిమిది లక్షల డాలర్లు ఖర్చు పెట్టాడని చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు.

మగపిల్లలు సిగరెట్టు కొట్ల ముందు నిలబడి, కొనుక్కుని బయటికొచ్చేవాళ్ళను ‘ఆ బొమ్మ మాకివ్వండి’ అని అడిగేవాళ్ళు. నాకిది చదవగానే మా అన్నయ్య గుర్తొచ్చాడు. మా ఊళ్ళో కిళ్ళీకొట్టు దగ్గర ఖాళీ సిగరెట్టు పెట్టెలు ఏరుకొచ్చి, అట్టలు చింపి పేకముక్కల్లా ఆడేవాళ్ళు. ఆట పిల్లలదే గానీ, బ్రాండు పేరు అప్పుడే నోటికి వచ్చేసేది. ఇక్కడా అంతే. ఇరవై అయిదో యాభయ్యో కార్డుల వరస, ఒకటి తక్కువైతే ఇంకో పెట్టె కొనాలి.

ఇప్పుడు బొమ్మల దగ్గరకు వద్దాం. తెర మీద చూడండి.

ఎక్కువ మంది నాటకాల నటీమణులు. లిలియన్ రసెల్, లిల్లీ లాంగ్‌ట్రీ, పారిస్ నుంచి వచ్చిన సారా బెర్నార్. కిన్నీ కంపెనీ ‘స్వీట్ కాపరల్’ పెట్టెల్లో ఇలాంటి ఫొటోలు లెక్కలేనన్ని. ఆ కాలపు అమెరికాలో గౌరవమైన ఇంటి ఆడవాళ్ళ గౌను చీలమండ దాకా ఉండేది. రంగస్థలం మీద మాత్రం కొందరు నటులు కాళ్ళకు అతుక్కుపోయే టైట్స్ వేసుకునేవాళ్ళు. అది వాళ్ళ వేషం, వాళ్ళ పని. టిక్కెట్టు కొని హాల్లోకి వెళ్ళినవాళ్ళు నాటకంలో భాగంగా చూసే రూపం అది. కంపెనీలు సరిగ్గా ఆ వేషంలో ఉన్న ఫొటోలే ఏరుకున్నాయి. పాట లేదు, మాట లేదు, కథ లేదు. కాళ్ళు మాత్రం మిగిలాయి.

నటులందరూ దీన్ని అవమానంగా తీసుకున్నారని నేను అనను. ఫొటోలు అమ్ముడవడం వాళ్ళ పేరుకు మంచిదే. 1884లో అట్లాంటాలో డ్యూక్ సేల్స్‌మన్ ఎడ్వర్డ్ స్మాల్, రేయా అనే ఫ్రెంచి నటిని అడిగి, ఆమె ఒప్పుకున్నాక, ఆమె చేతిలో సిగరెట్టు పెట్టె ఉన్నట్టు నిలువెత్తు బొమ్మ వేయించి పత్రికలో ప్రచారం చేశాడు. అక్కడ అడగడం ఉంది. అది చిన్న విషయం కాదు.

ఈ బొమ్మ చూడండి. 1886, అలెన్ అండ్ గింటర్ వాళ్ళ ‘వర్జీనియా బ్రైట్స్’ సిగరెట్లతో వచ్చింది. బేస్‌బాల్ ఆడే అమ్మాయిలు. మెడకు చుక్కల గుడ్డ కట్టుకున్న ఈ జట్టు పేరు ‘పోల్కా డాట్ నైన్’. బ్యాటు ఉంది, బంతి ఉంది, మైదానం లేదు. ఇదంతా స్టూడియోలో తెర ముందు తీసిన ఫొటో. మోడళ్ళకు ఆటగాళ్ళ బట్టలు తొడిగారు. అమెరికాలో అప్పటికే ఆడపిల్లలు నిజంగా బేస్‌బాల్ ఆడారు. 1860లలోనే వాసర్ కాలేజీలో అమ్మాయిల జట్లు ఉన్నాయి. నిజంగా ఆడినవాళ్ళు కార్డెక్కలేదు, ఆడుతున్నట్టు నిలబడినవాళ్ళు ఎక్కారు. ఈ నిలబడిన అమ్మాయిని చూస్తే మాత్రం నాకు కోపం రాదు. ఆ రోజు స్టూడియోలో ఎంత కూలి ఇచ్చారో, ఎంతసేపు కదలకుండా నిలబడమన్నారో అని అనిపిస్తుంది.

తర్వాతది గొడుగు కవాతు. సైనికులు తుపాకీ పట్టుకునే భంగిమల్లో అమ్మాయిలు గొడుగులు పట్టుకున్నారు. అందమైన అచ్చు, ఒక్క పేరు లేదు. ఇంకోటి, ‘ప్రపంచ సుందరులు’ అనే వరస. అక్కడ మనిషి పేరుండే చోట దేశం పేరో జాతి పేరో ఉంటుంది.

ఇప్పుడు ఈ కార్డు దగ్గర కాసేపు ఆగుతాను, ఇది నాకు చాలా ఇష్టమైనది. అదే కంపెనీ, 1888 ప్రాంతంలో, ‘ప్రపంచ ఛాంపియన్లు’ అని యాభై మందిని వేసింది. బేస్‌బాల్ ఆటగాళ్ళు, కుస్తీవీరులు, బాక్సర్లు, పడవ పోటీల వాళ్ళు. యాభైలో ఒకే ఒక్క ఆడమనిషి, ఆనీ ఓక్లీ. ఒహాయోలో పేదింట పుట్టి, చిన్నప్పుడే వేటాడి ఆ మాంసం అమ్మి ఇల్లు నడిపి, తర్వాత బఫెలో బిల్ ప్రదర్శనల్లో తుపాకీ గురితో ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన మనిషి. ఆమె కార్డు మీద పేరుంది, ఆమె చేసే పని రాసి ఉంది. అదే కంపెనీ, అదే సైజు అట్ట. పేరూ పనీ రాయడం వాళ్ళకు చేతకాక కాదు.

ఇంకో మాట చెప్పకుండా వెళ్ళలేను. ఈ కార్డుల్లో నల్లజాతి ఆడవాళ్ళు దాదాపు కనిపించరు. కానీ రిచ్‌మండ్‌లో, డర్హమ్‌లో ఆకు ఈనె తీసే పని ఎక్కువగా వాళ్ళదే. దుమ్ములో, వేడిలో, రోజంతా చేతులతో. అలెన్ అండ్ గింటర్ ఫ్యాక్టరీలో సిగరెట్లు చుట్టిందీ వందల మంది తెల్లజాతి ఆడపిల్లలే. పెట్టెలో బొమ్మగా ఉన్నది ఒక ఆడమనిషి, పెట్టె వెనక పని చేసింది ఇంకొంతమంది ఆడవాళ్ళు. మా వైపు గ్రేడింగ్ షెడ్లలో ముక్కుకు కొంగు కట్టుకుని ఆకు వేరు చేసే ఆడవాళ్ళ మధ్య నేను పెరిగాను. మా పెద్దమ్మ పాతికేళ్ళు ఆ పని చేసింది. దగ్గుతోనే పడుకునేది, దగ్గుతోనే లేచేది. ఆమెకు ఒక్క ఫొటో కూడా లేదు. రిచ్‌మండ్ ఫ్యాక్టరీల గురించి చదువుతుంటే నాకు ఆమే కళ్ళ ముందు మెదిలింది.

ఈ బొమ్మలు తప్పని అప్పుడు ఎవరికీ అనిపించలేదా? అనిపించింది. కంపెనీ యజమాని ఇంట్లోనే అనిపించింది. జేమ్స్ డ్యూక్ తండ్రి వాషింగ్టన్ డ్యూక్. అంతర్యుద్ధం అయిపోయాక ఇంటికొచ్చి పొలం దగ్గర పాకలో పొగాకు దంచి అమ్మి వ్యాపారం మొదలుపెట్టిన మనిషి. 1894 అక్టోబరులో ఆయన కొడుక్కు ఉత్తరం రాశాడు. సిగరెట్లతో పంచే ఈ అసభ్యమైన ఫొటోల గురించి ఒక పాస్టర్ తనకు రాసిన ఉత్తరాన్ని జతచేసి, ఈ రకం ప్రచారం యువతీయువకులను పాడుచేస్తుందని తాను ఎప్పుడూ అనుకుంటూనే ఉన్నానని, దీన్ని ఆపమని చెప్పాడు. ఆ పెద్దాయనే 1896లో ట్రినిటీ కాలేజీకి లక్ష డాలర్లు ఇస్తూ ఒక షరతు పెట్టాడు. ఆడపిల్లలను మగపిల్లలతో సమానంగా చేర్చుకోవాలని. ఆ కాలేజీయే తర్వాత డ్యూక్ యూనివర్సిటీ అయింది. మన ఇళ్ళ అమ్మాయిలు ఇవాళ అక్కడ చదువుతున్నారు. ఆ లక్షలో ఈ బొమ్మలు సంపాదించిన డబ్బు కూడా ఉంది. ఈ రెంటినీ విడదీసి చూడటం నాకు సాధ్యం కాదు, మీకూ విడదీసి చెప్పను.

అయితే వాషింగ్టన్ డ్యూక్ బాధ చూసేవాళ్ళ గురించి. కుర్రాళ్ళు పాడైపోతారని. బొమ్మలో ఉన్న మనిషి గురించి ఆ ఉత్తరంలో మాట లేదు. ఆమె సంగతి ఎవరు అడిగారు? దానికి చట్టం వైపు వెళ్ళాలి.

న్యూయార్కులో నెపోలియన్ సరోనీ అని పేరున్న ఫొటోగ్రాఫర్. నటీనటులకు డబ్బిచ్చి మరీ ఫొటోలు తీసేవాడు. 1880లో సారా బెర్నార్‌కు పదిహేను వందల డాలర్లు ఇచ్చాడు. ఆయన తీసిన రచయిత ఆస్కార్ వైల్డ్ ఫొటోను ఒక అచ్చు కంపెనీ ఎనభై అయిదు వేల కాపీలు వేసుకుంటే కోర్టుకు వెళ్ళాడు. 1884లో సుప్రీంకోర్టు ఆయన వైపు తీర్పిచ్చింది. ఫొటో అంటే ఒక రచన, దాన్ని తీసినవాడే రచయిత. మంచి తీర్పే. కానీ గమనించండి, హక్కు కెమెరా వెనక ఉన్నవాడిది. ముందు కూర్చున్న మనిషికి ఆ తీర్పులో చోటు లేదు.

1886లో ప్రెసిడెంట్ క్లీవ్‌లాండ్ వైట్ హౌస్‌లోనే పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికూతురు ఫ్రాన్సెస్‌కు ఇరవై ఒక్క ఏళ్ళు. ఆమె ముఖం నెలల్లో దేశమంతా సబ్బుల మీద, మందుల మీద, పొగాకు మీద వచ్చేసింది. దేశాధ్యక్షుడి భార్యను కూడా ఎవరూ అడగలేదు. 1888లో ఇల్లినాయ్ ప్రతినిధి జాన్ థామస్, ఆడవాళ్ళ చిత్రాలను వాళ్ళ రాతపూర్వక అనుమతి లేకుండా ప్రకటనలకు వాడకూడదని కాంగ్రెసులో బిల్లు పెట్టాడు. అది చట్టం కాలేదు.

1890 జూన్‌లో న్యూయార్కు బ్రాడ్‌వే థియేటర్లో మారియన్ మనోలా అనే గాయని టైట్స్ వేషంలో స్టేజీ మీద ఉంది. ఆ వేషంలో ఫొటో తీయించుకోవడానికి ఆమె అప్పటికే ఒప్పుకోలేదు. ఆ రోజు ప్రేక్షకుల బాక్సులోంచి ఒక్కసారిగా ఫ్లాష్ వెలిగింది. మేనేజరే దొంగచాటుగా ఫొటో తీయించాడు. ఆమె పై వస్త్రంతో ముఖం కప్పుకుని లోపలికి పరుగెత్తి, తర్వాత కోర్టుకు వెళ్ళి ఆ ఫొటో వాడకుండా ఆపించింది. ఆ ఏడాది డిసెంబరులో వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు లాయర్లు హార్వర్డ్ లా పత్రికలో మనిషి ఏకాంతానికి హక్కు ఉందని రాసిన వ్యాసంలో ఆమె కేసును ఉదాహరించారు. ప్రైవసీ గురించి ఇవాళ ఎక్కడ మాట్లాడినా ఆ వ్యాసం ప్రస్తావన వస్తుంది. టైట్స్ వేసుకున్న మనిషికి సిగ్గెందుకు అని అడిగేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. స్టేజీ మీద ఏం చూపించాలో నేను నిర్ణయించుకుంటాను, దాన్ని గోడకెక్కించే హక్కు నీకు లేదు అన్నట్టుగా ఆమె కోర్టుకు వెళ్ళింది. ఈ కార్డుల కట్టలు చూసిన ప్రతిసారీ నేను ఆమెను తలుచుకుంటాను.

తర్వాతది న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టర్ ఊరు. సిగరెట్ల కింబాల్ కంపెనీ ఉన్న ఊరే. అక్కడ అబిగైల్ రాబర్సన్ అనే అమ్మాయి ఫొటోను ఒక పిండి కంపెనీ అడగకుండా ఇరవై అయిదు వేల కాపీలు వేసి అంగళ్ళలో పెట్టించింది. ఆమె అవమానంతో మంచం పట్టింది. కేసు న్యూయార్కు పై కోర్టు దాకా వెళ్ళి 1902లో ఓడిపోయింది, ఏడుగురు జడ్జీల్లో నలుగురు ఆమెకు వ్యతిరేకంగా, ముగ్గురు ఆమె వైపు. జనం ఎంత మండిపడ్డారంటే, మరుసటి ఏడాదే, 1903లో, రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరి పేరూ బొమ్మా వ్యాపారానికి వాడకూడదని న్యూయార్కు రాష్ట్రం చట్టం చేసింది. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి ఆల్టన్ పార్కర్ 1904లో ప్రెసిడెంట్ పదవికి పోటీ చేశాడు. పత్రికల ఫొటోగ్రాఫర్లు వెంటపడుతుంటే, తన ఇంటివాళ్ళ ఫొటోలు తీయొద్దన్నాడు. అప్పుడు రాబర్సన్ ఆయనకు బహిరంగ లేఖ రాసింది. ఆ హక్కు మనిషికి లేదని నా కేసులో మీరే కదా తీర్పిచ్చారు అని. ఆ ఉత్తరం పేపర్లో అచ్చయింది.

కార్డుల కథ అప్పటికి చాలా తగ్గిపోయింది. 1890లో డ్యూక్, అలెన్ అండ్ గింటర్, కిన్నీ, కింబాల్, గుడ్విన్, అయిదు కంపెనీలూ కలిసి అమెరికన్ టొబాకో కంపెనీ అయ్యాయి. పోటీ లేకపోతే బొమ్మల ఖర్చు ఎందుకు? ఇవి ఇవాళ మనకు మిగిలాయంటే దాచుకున్నవాళ్ళ పుణ్యం. సిరక్యూస్‌లో ఎలక్ట్రికల్ పని చేసుకునే జెఫర్సన్ బర్డిక్ మూడు లక్షలకు పైగా కార్డులూ ముద్రిత కాగితాలూ పోగుచేసి న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చాడు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయినా, మ్యూజియంలో కూర్చుని ఏళ్ళ తరబడి ఒక్కొక్కటీ ఆల్బముల్లో అంటించాడు. 1963 జనవరిలో చివరి కార్డు అంటించాడు. మార్చిలో పోయాడు. నేను ఇందాక తెర మీద చూపించిన వరసలు ఆన్‌లైన్‌లో మీరు కూడా చూడవచ్చు.

మూడో కార్డు ఇప్పుడు ఎవరి దగ్గరుంది? ఆ చివర ఉందా, సరే. ఆమె ఒక చేత్తో కుర్చీ వెన్ను పట్టుకుని ఉంది, గమనించారా? అప్పట్లో ఫొటోకు కాసేపు కదలకుండా నిలబడాలి కదా, అందుకు ఆసరా. ఆ రోజు ఆమెకు ఇరవై ఏళ్ళు అనుకుంటే, న్యూయార్కు చట్టం వచ్చేనాటికి ముప్ఫై అయిదు దాటి ఉంటాయి. వెనక వరసలో అమ్మాయిలు ఇంకా చూడలేదనుకుంటా, వాళ్ళకివ్వండమ్మా. భూతద్దం ఇక్కడుంది, వచ్చి తీసుకోండి.